ముత్యపుచిప్పల మీద పసుపు మచ్చలు: షెడ్డు డైరీ

నవంబరు 6

హోటలుకు పంపిన ఐదు కిలోల పుట్టగొడుగులూ మధ్యాహ్నానికల్లా అదే ఆటోలో తిరిగొచ్చాయి. "ఇవి నిన్నటి సరుకా అమ్మా?" అని వంటమాస్టరు ఫోనులో అడిగారు. కాదు, ఈ ఉదయం ఐదున్నరకు నా చేత్తో కోసినవే. కోసేటప్పుడు కొన్నింటి అంచున లేత పసుపు కనిపించింది కానీ బల్బు వెలుగు అనుకుని వదిలేశాను. ఇప్పుడు క్రేటు మూత తీస్తే ఆ పసుపు తేనెరంగుకు తిరిగి ఉంది. వేలు పెడితే చేపను పట్టుకున్నట్లు జారుతోంది.

మాది తెనాలి పక్కన పల్లె. పశువులను అమ్మేశాక ఖాళీ అయిన కొట్టాన్ని రెండు గదులు చేసి, మూడేళ్లుగా చలికాలంలో ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాం. ప్రస్తుతం పంట గదిలో వరిగడ్డి నింపిన 800 సంచులు వేలాడుతున్నాయి. వారానికి 80 కిలోలకు అటూ ఇటూగా కోత వస్తుంది. కార్తీకంలో మాంసం మానేసినవాళ్లు పుట్టగొడుగులు అడుగుతారు కనుక ధర కూడా పలుకుతుంది. మా అత్తయ్య మాత్రం ఈ నెల వీటిని కూడా వంటింటి గడప దాటనివ్వరు. వండమని నేనూ అడగను, అమ్ముకోనిస్తే చాలు.

నవంబరు 7

తెల్లవారుజామున టార్చి పట్టుకుని సంచి సంచీ చూశాను. కోతకు వచ్చిన 190 సంచుల్లో 71 సంచుల మీద మచ్చ ఉంది. చూసింది చూసినట్లు రాసుకుంటున్నాను, అర్థం తర్వాత వెతుక్కోవచ్చు.

మచ్చ గొడుగు పైభాగంలోనే ఉంది, కింది మొప్పలు చాలావరకు శుభ్రంగా ఉన్నాయి. ఒక గొడుగు మీద మరొకటి ఆనుకున్న చోట, గొడుగు మధ్యలో గరాటులా లోతుగా ఉండే చోట ఎక్కువ. గుండుసూది తలంత మొగ్గలు కొన్ని ఎదగకుండానే పసుపు ముద్దలైపోయాయి. సంచి కోసి చూస్తే లోపల గడ్డి తెల్లగా, గట్టిగా, మంచి వాసనతో ఉంది. పచ్చ బూజు లేదు, నల్ల బూజు లేదు. ఇంకొకటి: రేకుల కప్పుకు దగ్గరగా ఉన్న పై వరుసలోనే దెబ్బ ఎక్కువ. ఎందుకో తెలియదు.

మామయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి అంతా చూశారు. "మందు చాలలేదమ్మా. గడ్డి నానబెట్టే తొట్టిలో ఈసారి రెట్టింపు వెయ్యి."

ఆయన అన్న మందు కార్బెండజిమ్. వంద లీటర్ల నీటికి ఏడున్నర గ్రాములు, దానితో పాటు 125 మిల్లీలీటర్ల ఫార్మలిన్ కలిపి వరిగడ్డిని 18 గంటలు నానబెడతాం. ఇక్కడ చాలామంది చేసేది ఇదే. "మామయ్యగారూ, కార్బెండజిమ్ బూజును ఆపే మందు, బ్యాక్టీరియాను అది ఏమీ చేయదు. ఫార్మలిన్ రెంటినీ చంపుతుంది కానీ అది పనిచేసింది గడ్డి మీద, మూడు వారాల కిందట. ఈ మచ్చ నిన్నా మొన్నా గొడుగు మీద పడింది. పైనుంచి వచ్చినదాన్ని తొట్టిలో వెతికితే దొరకదు" అన్నాను. ఆయన నమ్మలేదు. నేను కూడా అప్పటికి సగమే నమ్మాను.

నవంబరు 8 నుంచి 10 వరకు

పెళ్లికి ముందు ఒక పరీక్షల ల్యాబులో మూడేళ్లు పనిచేశాను. ఆ అలవాటు ఇప్పటికి పనికొచ్చింది.

మూత ఉన్న పారదర్శకమైన స్వీటు డబ్బాలు మూడు తీసుకుని, వేడినీళ్లతో కడిగి, అడుగున తడి దూది పరిచాను. మచ్చలేని గొడుగులు ఏరి ఒక్కో డబ్బాలో నాలుగేసి ముక్కలు పెట్టాను. మచ్చ మీది జిగురును కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొత్త సిరంజితో మొదటి డబ్బాలోని ముక్కల మీద ఒక్కో చుక్క వేశాను. రెండో డబ్బాకు మేము రోజూ పంట మీద చల్లే ట్యాంకు నీటి చుక్క, మూడో డబ్బాకు కాచి చల్లార్చిన నీరే. మూతలు పెట్టి మంచం కింద దాచాను. అత్తయ్య అడిగితే మందులని చెప్పాను.

మర్నాటికి మొదటి డబ్బాలో చుక్క పడిన చోటల్లా పసుపు దిగింది. రెండో రోజుకు అక్కడ గోరుతో గిల్లినట్లు చిన్న గుంటలు పడ్డాయి, చుట్టూ తేనెరంగు గీత. మూడో డబ్బాలో ముక్కలు కాస్త వాడాయి, అంతే. అసలు ఆశ్చర్యం రెండో డబ్బాది. నాలుగు ముక్కల్లో మూడింటికి లేత పసుపు వచ్చింది.

దీనివల్ల ఆ సూక్ష్మజీవి పేరు తేలదు. దానికి సూక్ష్మజీవులను పెంచి చూసే అగర్ పలకలు, సరైన ల్యాబు కావాలి. కానీ అంటుకునేది ఏదో ఆ జిగురులో ఉందని, దాని చుట్టాలు మా ట్యాంకులోనూ కాపురం ఉన్నారని నాకు రుజువైంది. డబ్బాలు మామయ్యగారికి చూపించాను. మూడింటినీ మార్చి మార్చి చూసి, "రోజూ మనమే పోస్తున్నామా!" అన్నారు. మందు మాట మళ్లీ ఎత్తలేదు.

నవంబరు 11

లక్షణాలన్నీ చూస్తే ఇది పుస్తకాల్లో బ్యాక్టీరియల్ బ్లాచ్ అని రాసే తెగులే. దానికి ప్రధాన కారణం సూడోమోనాస్ టొలాసి అనే బ్యాక్టీరియా. 1915లో అమెరికాలో టోలాస్ అనే శాస్త్రవేత్త బటన్ పుట్టగొడుగుల మీద ఈ తెగులును మొదట వర్ణించారు. నాలుగేళ్ల తర్వాత ఇంగ్లండులో పెయిన్ అనే ఆయన ఆ సూక్ష్మజీవికి టోలాస్ పేరే పెట్టారు. వందేళ్లు దాటినా దీనిని పూర్తిగా వదిలించుకున్న పుట్టగొడుగు రైతు ప్రపంచంలో ఉన్నట్లు లేడు. అది తెలిశాక ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది.

ఇది పని చేసే తీరు కూడా తెలుసుకోదగ్గది. నీటిలో, మట్టిలో, ఈగల కాళ్ల మీద, మన చేతుల మీద ఇది కొద్దికొద్దిగా ఎప్పుడూ ఉంటుంది. కొద్దిగా ఉన్నంతవరకు దానివల్ల కనిపించే హాని లేదు. గొడుగు మీద నీటి పొర నిలిచి గదిలో వెచ్చదనం ఉంటే గంటలకొద్దీ రెట్టింపవుతూ పోతుంది. గుంపు పెరిగాక టొలాసిన్ అనే విషపదార్థాన్ని వదులుతుంది. అది పుట్టగొడుగు కణాల పొరకు చిల్లులు పెడుతుంది, లోపలి రసం బయటికి కారుతుంది, ఆ రసం దాని మేత. తెల్ల బటన్ పుట్టగొడుగు మీద కనిపించే గోధుమ రంగు బ్యాక్టీరియాది కాదు, దెబ్బతిన్న పుట్టగొడుగు తనంతట తాను తయారుచేసుకున్నది. కోసిన వంకాయ నల్లబడినట్లే.

అందుకే కోసేటప్పుడు లేతగా ఉన్న మచ్చ, గాలాడని క్రేటులో హోటలుకు చేరేసరికి తేనెరంగైంది.

నవంబరు 12, 13

ట్యాంకు పని. వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఇది. కాలువ నీటితో నిండే మా చెరువు నుంచి మోటారుతో ఎక్కిస్తాం. మూడేళ్లలో లోపలికి దిగి కడిగింది లేదు, రాయడానికే సిగ్గుగా ఉంది. చేయి పెట్టి గోడ రుద్దితే బెండకాయ జిగురులాంటి పొర చేతికి వచ్చింది. నీళ్లు ఎంత మార్చినా ఆ పొర కొత్త నీటికి తోడు పెడుతూనే ఉంటుంది, పాలకు మజ్జిగ చుక్కలాగా.

చీపురుతో రుద్ది, కడిగి, ఎండబెట్టి మళ్లీ నింపాం. నీటిలో క్లోరిన్ 150 పీపీఎం, అంటే లీటరుకు 150 మిల్లీగ్రాములు, ఉండాలని లెక్క. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ 30 శాతం దాకా ఉంటుంది కనుక వెయ్యి లీటర్లకు అరకిలో. పౌడరును బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట నీరు మాత్రమే ట్యాంకులో పోశాను. సున్నంతో సహా పోస్తే నీటిని పొగమంచులా చిమ్మే ఫాగర్ ముక్కులు మూసుకుపోతాయి, అది పోయిన ఏడాది నేర్చుకున్న పాఠం.

కోతకు వచ్చే అక్కలిద్దరికీ రెండు కొత్త నియమాలు పెట్టాను. మంచి సంచులు ముందు కోయాలి, మచ్చ ఉన్నవి చివర కోయాలి. మచ్చ సంచిని ముట్టుకున్న చేయి క్లోరిన్ నీటిలో ముంచనిదే మరో సంచి మీదికి పోకూడదు. "పసిపిల్లలున్న ఇంట్లో కూడా ఇన్నిసార్లు చేతులు కడగలేదమ్మా" అని పెద్దక్క నవ్వింది, కానీ నియమం తప్పలేదు. ఏరేసినవాటిని షెడ్డు వెనక పారేయడం మాని పొలం అవతల గోతిలో పూడుస్తున్నాం.

నవంబరు 20

మొదటి వారం లెక్క. కోత 82 కిలోలు, ఏరేసింది 29. ట్యాంకు కడిగాక వచ్చిన వారం కోత 79, ఏరేసింది 20.

తగ్గింది నిజమే, కానీ ఇంత చాకిరీకి తొమ్మిది కిలోలేనా? సాయంత్రం బ్లీచింగ్ పౌడర్ సంచి వాసన చూశాను. ముక్కు మండాల్సింది, సున్నపు వాసన కూడా సరిగా లేదు. వేసవిలో తెరిచి మూతి కట్టకుండా వదిలేసిన సంచి అది, క్లోరిన్ ఎప్పుడో గాలిలో కలిసిపోయింది. తప్పు నాదే. కొత్తది తెచ్చి ఒక్కొక్క కిలోగా గాలి చొరని డబ్బాల్లో పెట్టాను.

నవంబరు 24

కొత్త పౌడరు వేసి నాలుగు రోజులైనా రోజుకు రెండు కిలోలు పైగా ఏరేస్తూనే ఉన్నాను, అదీ పై వరుసలోనే. నీరే కారణమైతే నీళ్లు అన్ని వరుసలకూ ఒకటే కదా?

నవంబరు 25

తెల్లవారుజామున నాలుగున్నరకు షెడ్డులోకి వెళ్లాను. సాయంత్రం ఆరు తర్వాత మేము నీళ్లు చల్లం. అంటే పది గంటలుగా చుక్క పడలేదు. జేబులోంచి టిష్యూ కాగితం తీసి పై వరుసలో ఒక గొడుగు మీద మెల్లగా అద్దాను.

కాగితం ముద్దగా తడిసింది.

పక్క గొడుగు, దాని పక్క గొడుగు, అన్నీ అంతే. కింది వరుసలో అద్దితే కాగితం మీద చెమ్మ మచ్చ మాత్రమే వచ్చింది. టార్చి పైకి తిప్పితే రేకుల కింద కట్టిన ప్లాస్టిక్ పట్టా నిండా నీటి పూసలు, అక్కడక్కడ ఒకటి జారి సంచి మీద పడుతోంది. గదిలో వేడి 21 డిగ్రీలు, తేమ మీటరు 97 శాతం చూపిస్తోంది. బయట వరి కుప్పల మీద మంచు కురుస్తోంది. మా గదిలోనూ అదే కురుస్తోంది, నేను చూడలేదంతే.

సాయంత్రం చివరి తడి పెట్టి కిటికీలు మూసేటప్పటికి గది 26 డిగ్రీలు, తేమ 95. తేమ 95 దగ్గర ఉన్నప్పుడు వేడి ఒక్క డిగ్రీ తగ్గినా చాలు, గాలిలోని ఆవిరి నీరై దిగుతుంది. అదే 85 దగ్గర ఉంటే రెండున్నర డిగ్రీలకు పైగా తగ్గాలి. మా గది రాత్రికి ఐదు డిగ్రీలు తగ్గుతోంది. రేకు ముందుగా చల్లబడుతుంది కనుక పై వరుస ముందుగా తడుస్తుంది. అక్టోబరులో రాత్రులు వెచ్చగా ఉండడంతో ఈ తెగులు లేదు, ట్యాంకు మాత్రం అప్పుడూ మురికిగానే ఉంది.

నేను వారాల తరబడి బ్యాక్టీరియాను చంపే పనిలో ఉన్నాను. చూడాల్సింది గొడుగు ఎన్ని గంటలు తడిగా ఉంటోందన్నది. చల్లిన నీరు రెండు మూడు గంటల్లో ఆరిపోతే ట్యాంకులో ఉన్నది గుంపు కట్టేలోపే ఎండిపోతుంది. మా పై వరుస ఎంత లేదన్నా రాత్రంతా తడిగానే ఉంది.

నవంబరు 26 నుంచి 30 వరకు

మొదట ఎగ్జాస్ట్ ఫ్యాను రాత్రంతా వేసి ఉంచాను. ఉదయానికి గొడుగులు పొడిగా ఉన్నాయి, నిజమే. కానీ ఫ్యాను ఎదుటి రెండు వరుసల్లో అంచులు బీటలు తీశాయి, మొగ్గలు ఎండి గోధుమరంగు ముల్లుల్లా నిలిచాయి. దాదాపు నలభై సంచుల మొగ్గ పోయింది. ఒక రోగం పోగొట్టి ఇంకోటి తెచ్చుకున్నాను.

దారి చూపింది మామయ్యగారే. ఒకప్పుడు ఆయన కోళ్లు పెంచేవారు. "కోడిపిల్లలకు ఏం చేసేవాళ్లం? చలి పడకముందే పరదా దించి, బల్బు వేసేవాళ్లం. చలి పడ్డాక వేస్తే లాభం లేదు." అటక మీది నుంచి పాత బ్రూడర్ హోల్డర్లు దించి, 200 వాట్ల బల్బులు రెండు గదికి చెరో మూల నేలకు దగ్గరగా పెట్టారు. పుట్టగొడుగులకు వెలుతురు తగిలినా నష్టం లేదు. రేకుల మీద ఒక మూర మందాన వరిగడ్డి పరిపించారు. కాకులు రెండు రోజులు పండగ చేసుకున్నాయి.

ఇప్పటి పద్ధతి ఇది. తడి ఉదయం ఏడుకు, పదకొండుకు, చివరిది మధ్యాహ్నం రెండుకు. గొడుగు విచ్చిన సంచుల మీద నేరుగా చల్లకుండా గోడలకున్న గోనె పట్టాల మీద, నేల మీద. సాయంత్రం ఐదుకల్లా గొడుగులు ఆరాలి, ఆరాయో లేదో టిష్యూతో చూడాలి. చీకటి పడేలోపు పరదాలు దించి బల్బులు వేయాలి. రాత్రి రెండు నుంచి ఆరు వరకు ఫ్యాను అరగంటకు ఐదు నిమిషాలే, టైమరుతో. బయటి గాలి కూడా తేమదే కదా అని మొదట సందేహించాను. కానీ చల్లటి గాలి లోపలికి వచ్చి రెండు డిగ్రీలు వేడెక్కిందంటే, మరికొంత ఆవిరిని పట్టుకునే చోటు దానిలో ఏర్పడుతుంది.

30న నాలుగున్నరకు గది 24 డిగ్రీలు, తేమ 88. పై వరుసలో అద్దిన కాగితం పొడిగా తిరిగొచ్చింది. దాన్ని తీసుకెళ్లి నిద్రపోతున్న మా వారి ముఖం మీద పెట్టాను.

డిసెంబరు 2

ఈ లోపు, బూజు పాకేదాకా సంచులను ఉంచే చీకటి గదిలో ఇంకో గొడవ. ఉడికించిన జొన్నల మీద పుట్టగొడుగు బూజును పాకించి మేమే తయారుచేసుకునే విత్తనంలో 40 సంచులకు 9 పోయాయి. సంచి చేతిలోకి తీసుకోగానే తరవాణి కుండ మూత తీసినట్లు పుల్లటి వాసన. జొన్నలు బూడిదరంగుగా, జిగురుగా ఉన్నాయి. బూజు తెల్లగా కొంతవరకు పాకి, గోడ కట్టినట్లు ఆగిపోయింది.

ఇది కూడా బ్యాక్టీరియాయే, కానీ వేరే జాతిది, చాలాసార్లు బాసిల్లస్. దీని చిక్కు వేరు. గింజల మీద ఇది గట్టి పెంకు కట్టుకుని పడుకుంటుంది. ఆ స్థితిలో మరిగే నీరు దాన్ని ఏమీ చేయలేదు. ప్రెషర్ కుక్కర్లో 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర 121 డిగ్రీలు రావాలి, అదీ సంచి నడుమ గింజ దాకా చేరాలి. ఆ రోజు పని చేసింది నేనే, ఏం చేశానో గుర్తు చేసుకుంటే మూడు తప్పులు తేలాయి. జొన్నలు రాత్రంతా నానబెట్టలేదు. నానితే ఆ బ్యాక్టీరియా పెంకు వదిలి మేల్కొంటుంది, మేల్కొన్నదాన్ని చంపడం తేలిక. ఉడికించాక సరిగా ఆరబెట్టలేదు, చేతికి తడి అంటుతుండగానే సంచుల్లో పోశాను. కుక్కర్లోంచి ఆవిరి పది నిమిషాలు ధారగా పోనివ్వకుండానే వెయిట్ పెట్టాను. లోపల గాలి ఉండిపోతే ముల్లు 15 చూపించినా వేడి 121కి చేరదు.

ఈసారి రాత్రంతా నానబెట్టి, ఉడికించి, పాత దుప్పటి మీద పలచగా పోసి, పిడికిట పట్టి వదిలితే చేతికి చెమ్మ అంటనంతవరకు ఆరబెట్టాను. కిలోకు 20 గ్రాముల జిప్సం, 5 గ్రాముల కాల్షియం కార్బొనేట్ కలిపాను. గింజకు గింజ అంటుకోకుండా పొడిపొడిగా రాలింది. ఒక్కో విడత రెండు గంటలు. ఫలితం మూడు వారాలకు గానీ తెలియదు.

డిసెంబరు 5

గత వారం కోత 76 కిలోలు, ఏరేసింది ఆరు. కోత తగ్గింది ఫ్యాను ముందు ఎండిపోయిన సంచుల వల్ల. హోటలుకు మళ్లీ రెండు కిలోలు పంపాను, నమూనాగా. వంటమాస్టరు ఫోను చేయలేదు. ఆయన చేయలేదంటే బాగున్నట్లే.

డిసెంబరు 11

అల్పపీడనం. మూడు రోజులుగా ముసురు. బయట తేమ 98, లోపల తడి పెట్టకపోయినా 94. బల్బులు పగలు కూడా వెలుగుతున్నాయి. బయటి గాలి ఎంత లోపలికి లాగినా ఆరడం లేదు, టైమరు తీసేసి ఒక చిన్న టేబుల్ ఫ్యాను గోడ వైపు తిప్పి పెట్టాను. గాలి నేరుగా తగలకుండా గదిలో కదిలితే చాలు. చల్లడం పూర్తిగా మానేశాం. గొడుగు అంచు విచ్చుకోకముందే, అరచేతిలో సగం ఉండగానే కోయిస్తున్నాను. తూకం పోతుంది, కానీ గరాటు ఏర్పడదు కనుక నీరు నిలవదు.

నిన్న ఏరేసింది కిలోన్నర, ఇవాళ రెండు. పై వరుస, ఉత్తరం మూల, పట్టా వేలాడిన చోట. రేపు దాన్ని బిగించి కట్టాలి, వాలు గోడ వైపు ఉండేటట్లు.

"వాన తగ్గేదాకా కోత మానేద్దామా?" అని మామయ్యగారు అడిగారు. చీకటి గదిలోంచి 120 కొత్త సంచులు ఎల్లుండికి బయటికి రావాలి, మొగ్గలు అప్పుడే తొంగి చూస్తున్నాయి. అలారం నాలుగున్నరకు పెట్టాను. టిష్యూ పెట్టె అయిపోవచ్చింది.